డాక్టర్ రాకముందే

ఇల్లు కొంటే కొసరుగా వచ్చింది ఈతకొలను.
కొసరే అసలును మింగుతుందని
బ్యాంకువాడు చెప్పలేదు.

జనవరి. పెర్త్‌కి దక్షిణాన, స్పియర్‌వుడ్.
పొద్దున్న తొమ్మిదికే గట్టుమీద కాలు నిలవడం లేదు.
రాత్రంతా బస్సు తిప్పిన చేతులతో
బుల్లి గాజుగొట్టంలో నీళ్ళు పట్టి
ఐదు చుక్కల ఎర్రమందు వేశాను.
నారింజ రంగు రావాలి.
నేరేడుపండు తిన్న నాలుకలా వచ్చింది.

పక్కింటి ఇవ్కా గోడ మీంచి చూసింది.
డెబ్బై తొమ్మిదేళ్ళు, ద్రాక్షతోటల మనిషి.
"ఎనిమిదీ పాయింటు రెండు," అంది, కళ్ళజోడు లేకుండానే.
"నీళ్ళకి పొగరెక్కింది గ్లెనిస్, కాస్త పులుపు తగలాలి."

యాసిడ్ డబ్బా షెడ్డులో.
క్లోరిన్ ఇంటికి అవతలి పక్క, వేరే తాళం కింద.
ఆ రెంటికీ పొత్తు కుదరదు,
కుదిరిన రోజు మనం ఉండం.
ఇవ్కా మొగుడు యోసో ఒకసారి
రెండూ ఒకే బకెట్టులో కొలిచాడట.
నెల్లాళ్ళు దగ్గాడు.
మొగుణ్ణి ఎప్పుడో క్షమించింది,
బకెట్టుని ఇంకా క్షమించలేదు.

మోచేతుల దాకా తొడుగులు,
కళ్ళకి బిగుతు అద్దాలు,
ఈ ఎండలో పొడుగు చేతుల చొక్కా.
పంపు తిరుగుతోంది.
తోటగొట్టం విప్పి, నీళ్ళు వదిలి, పక్కనే పడేశాను.

"డాక్టర్ ఎన్నింటికి?" అంది ఇవ్కా.

ఇక్కడ డాక్టరంటే గాలి.
మధ్యాహ్నాలు ఫ్రీమాంటిల్ వైపు నుంచి
సముద్రం తడి పట్టుకుని వచ్చి
జ్వరపడ్డ ఊరి నుదుటిమీద చెయ్యేస్తాడు,
ఫీజు అడగడు.
వచ్చేదాకా మాత్రం తూర్పుగాలిదే పెత్తనం, ఎడారి గాలి.
"దానికి వీపు పెట్టి నిలబడు.
ఆవిరి నీ మొహంలోంచి కాదు,
నీ ముందునుంచి పోవాలి."

ముందు బకెట్టునిండా నీళ్ళు.
తర్వాతే యాసిడ్.
"వాడే నీళ్ళింటికి వెళ్ళాలి,
నీళ్ళు వాడింటికి రాకూడదు," అంది.
"వస్తే ఏమవుతుంది?"
"తలుపు తీసేలోపే మీద పడతాడు."

మోకాళ్ళ మీద కూర్చున్నాను.
బకెట్టు పెదవిని నీటికి ఆనించినంత కిందకి వంచి,
పంపునీళ్ళు లోపలికొచ్చే చోట
దారంలా, దారంలా.
ఎండమావి రోడ్డుమీద తెలుసు నాకు,
ప్రతి మధ్యాహ్నం దాన్ని తోలుకుంటూ పోతాను.
నీళ్ళలోపల ఎండమావిని ఇవాళే చూశాను.
వణికింది, సాగింది, లేదు.

డబ్బా మూత బిగిస్తుంటే
ఒక్క చుక్క గట్టుమీద పడింది.
సుయ్‌మంది సున్నపురాయి.
ఎన్ని వేల ఏళ్ళ కిందటి గవ్వలో,
ఏ సముద్రం ఊపిరి బిగబట్టుకుని ఉందో
నురగై ఒక్కసారి వదిలేసింది.
గొట్టంతో కడిగాను, కడిగాను.
మిగిలింది రూపాయంత తెల్లమచ్చ.

ఇవ్కా ఏమీ అనలేదు.
తన మణికట్టు తిప్పి చూపించింది.
అక్కడా రూపాయంత.

"సగమే పొయ్యి. మిగతా సగం నీళ్ళని అడిగి."
నాలుగు గంటలు ఆగమంది.
ఆగడం నాకు రాదు,
స్టాపుల్లో కూడా ఇంజను ఆపను.
కర్టెన్ కింద పడుకుని
పంపు చప్పుడు లెక్కపెట్టాను.

ఒంటిగంటకే డాక్టర్ వచ్చేశాడు.
నిమ్మచెట్టు ఒక్కసారిగా పడమటినుంచి తూర్పుకి వంగింది.
ఇంకో సగం పొయ్యాల్సొస్తే
ఈసారి అవతలి గట్టున కూర్చోవాలి.
గాజుగొట్టం వెలుతురుకి ఎత్తాను.
నారింజ,
కాస్త ముదురే, కానీ నారింజే.
పొయ్యక్కర్లేదు.

సాయంత్రం గోడమీంచి ఓ తువ్వాలు పడింది,
తర్వాత గేటు చప్పుడు.
వెలిసిపోయిన నీలం ఈతదుస్తుల్లో ఇవ్కా
ఎవర్నీ అడక్కుండా మెట్లు దిగి
నీళ్ళని చప్పరించినట్టు పెదాలు కదిపింది.

నాకు ఈత రాదు.
ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.
తెల్లమచ్చ పక్కన కూర్చుని
పాదాలు రెండూ లోపల పెట్టాను.